నిడుగల్లు సీమ: నూతన కల్పనలు, ఆర్థికాభ్యుదయము

తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాను పటమునందు చూచినవారికి ఒక విశేషము గోచరింపక మానదు. అది కర్ణాటక రాష్ట్రమునకు చెందినదే యైనను, మూడు వైపుల ఆంధ్రప్రదేశముచే చుట్టబడి, ఆ సీమలోనికి చొచ్చుకొనిపోయిన ద్వీపకల్పమువలె నుండును. అచటి పల్లెలలో పెక్కింట తెలుగు ఇంటిభాష. కన్నడము బడిభాష, కచేరీభాష. ఈ తాలూకాలో ఎత్తైన కొండపై వెలసినది నిడుగల్లు దుర్గము. 'నిడు' అనగా పొడవైనది. 'కల్లు' అనగా రాయి. ఓరుగల్లును ఎరిగిన తెలుగువారికి ఈ పేరు వింతగా తోచదు. తెలుగు చోడులలో ఒక శాఖవారు ఈ గిరిదుర్గమునుండియే పరిపాలన సాగించిరి.

2025వ సంవత్సరమున అర్థశాస్త్రమునకు ఒసగబడిన నోబెల్ స్మారక బహుమానము జోయెల్ మోకిర్, ఫిలిప్ అఘియాన్, పీటర్ హోవిట్ అను ముగ్గురు పండితులకు లభించినది. నూతన కల్పనల మూలమున దేశముల ఆర్థికాభివృద్ధి దీర్ఘకాలము ఎట్లు కొనసాగునో వివరించినందులకు వారికి ఈ గౌరవము దక్కినది. ఈ సిద్ధాంతములకును, ఎండి బీడువారిన మన నిడుగల్లు సీమకును సంబంధమేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. సంబంధము కలదనియు, ఈ సీమ చరిత్రను ఆ వెలుగులో చదివినచో నేటి మన కర్తవ్యము కొంత తేటపడుననియు నిరూపించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

నిడుగల్లు చోళులు

ఈ వంశమువారు తాము కరికాలచోళుని సంతతివారమని చెప్పుకొనిరి. ఒరయూరు పురవరాధీశ్వరులమను బిరుదము వహించిరి. వీరిలో ఇరుంగోళ అను నామము పలుమారు కనబడును. మడకశిర ప్రాంతమందలి హెంజేరు, అనగా నేటి హేమావతి, తొలుత నొళంబుల రాజధానిగా నుండి, పిదప వీరి యేలుబడిలోనికి వచ్చినది. వీరు కల్యాణి చాళుక్యులకు సామంతులుగా నుండిరి. హోయసలులతో పలుమారు పోరాడిరి. తుమకూరు జిల్లా శాసనములను లూయీ రైస్ పండితుడు 1904లో తన శాసన సంపుటములలో పండ్రెండవదానియందు ప్రకటించుటచేత వీరి చరిత్ర చాలవరకు వెలుగులోనికి వచ్చినది.

అమరాపురమునందలి 1278వ సంవత్సరపు శాసనము ఒకటి మన విషయమునకు మిక్కిలి అక్కరకు వచ్చును. ఇరుంగోళుని ఏలుబడిలో మల్లిసెట్టి అను నతడు తమ్మడిహళ్లిలోని 2,000 పోకచెట్లను జైనాలయమునకు దానమొసగెననియు, ఆ ఆదాయముతో ఆలయమును పునాది మొదలు శిఖరమువరకు రాతితో కట్టవలెననియు అందు గలదు. పోకచెట్టు ఏడాది పొడవున నీటిని కోరునది. వానకై ఆకాశమువంక చూచుచుండు మెట్టపొలమున అది బ్రదుకదు. ఇంతటి తోట ఒక్కరి చేతిలో నుండెనన్న, ఈ కరవు సీమలో నీటిని నిలువజేయు నేర్పు ఆనాటికే పెంపొందెనని మనము గ్రహింపవలెను. ఆ నేర్పే ఆ కాలపు నూతన కల్పన. ఆ ఆలయము దాని ఫలము.

చెరువు శాస్త్రము

ఈ నేర్పు ఎట్టిదో తెలియజేయు గొప్ప శాసనము ఈ సీమకు తూర్పున, కడప ప్రాంతమందలి పోరుమామిళ్లలో నున్నది. విజయనగర రాజగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో అచట చెరువు కట్టించి, దాని నిర్మాణ విధానమును సంస్కృతమున శిలపై చెక్కించెను. చెరువునకు పండ్రెండు అంగములు వలయుననియు, ఆరు దోషములు కూడవనియు అందు నిర్ణయింపబడినది. ధర్మాత్ముడగు ప్రభువు, జలశాస్త్రమెరిగిన పండితుడు, గట్టినేల, తీయని నీటి ఏరు, ఆనుకొనియున్న కొండలు, బిగువైన రాతికట్ట, సమీపమున రాతిగని, సమతలమైన పంటభూమి, పని నేర్చిన పనివారు మొదలగునవి అంగములు. కట్టనుండి నీరు ఊరుట, చవుటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు తక్కువై ఆయకట్టు హెచ్చగుట, నీరు హెచ్చై ఆయకట్టు తక్కువగుట అనునవి దోషములు. వేయిమంది కూలీలు, రాతిపనికి నూరు బండ్లు, రెండేండ్ల కాలము ఆ నిర్మాణమునకు పట్టెనని కూడ ఆ శాసనము చెప్పుచున్నది.

ఇచట ఒక విషయము గమనింపదగినది. పండ్రెండు అంగములలో శాస్త్రమెరిగిన పండితునకును, పనియెరిగిన శ్రామికులకును కూడ స్థానము కలదు. శాస్త్రజ్ఞానమును హస్తకౌశలమును ఒకే వాక్యమున చేర్చిన ఆ దృష్టి సామాన్యమైనది కాదు. ఐనను ఆ పండితుని భాష సంస్కృతము. కర్ణాటకమునందు సైతము నేటికిని తెలుగు మాటలాడు వడ్డెరల వంటి మట్టిపనివారికి ఆ శిలాక్షరములు అందునవి కావు. తండ్రినుండి కుమారునకు నేర్పు సంక్రమించెనే గాని, చేతి యనుభవము శాస్త్రమును దిద్దుటయు, దిద్దిన శాస్త్రము మరల చేతికి కొత్తదారి చూపుటయు నిరంతరముగా జరిగినట్లు కానరాదు. ప్రతి చెరువును సీమ సంపదను ఒక మెట్టు పెంచినది. ఆ మెట్టుపైననే సీమ శతాబ్దములు నిలిచిపోయినది. పిదప పూడిక పేరుకొని, ఆ మెట్టును కూడ కొంత కోల్పోయినది.

పండితుల సిద్ధాంతములు

సరిగా ఈ విషయమునే మోకిర్ పండితుడు ప్రపంచ చరిత్రకు అన్వయించి చూపెను. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరమున 1946లో జన్మించిన ఈ చరిత్రకారుడు జ్ఞానమును రెండు విధములుగా విభజించెను. ఒకటి, ఒక వస్తువు 'ఏల' పనిచేయునో తెలుపు జ్ఞానము. రెండవది, దానిని 'ఎట్లు' చేయవలెనో తెలుపు జ్ఞానము. పూర్వకాలమున చైనాలోను, భారతదేశమునను, ఐరోపాలోను గొప్ప కల్పనలు వెలువడినవి. కాని 'ఏల' యను ప్రశ్నకు సమాధానము చాలనందున ఒక కల్పన మరియొకదానికి దారితీయక అడుగంటినది. ఐరోపాలో పదునెనిమిదవ శతాబ్దినాటికి పండితులును పనివారును పరస్పరము నేర్చుకొన నారంభించిరి. కొత్త భావములను సహించు సమాజము ఏర్పడినది. నాటినుండి అభివృద్ధి ఆగని ప్రవాహమైనదని ఆయన సిద్ధాంతము.

అర్థశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్ననే గణితమార్గమున విచారించిరి. రాబర్టు సోలో 1957లో ప్రకటించిన పరిశోధనమునందు, 1909 మొదలు 1949 వరకు అమెరికాలో శ్రామికుని గంటపని ఫలము రెట్టింపైనదనియు, ఆ వృద్ధిలో ఎనిమిదింట ఏడు వంతులు మూలధనమువలన గాక సాంకేతిక మార్పువలననే కలిగినదనియు తేల్చెను. కాని ఆ మార్పు ఎచటినుండి పుట్టునో ఆయన సిద్ధాంతము చెప్పలేదు. నూతన భావములు మానవులు బుద్ధిపూర్వకముగా, లాభాపేక్షతో పరిశోధించుటచే పుట్టునని పాల్ రోమర్ 1990లో నిరూపించెను.

అంతకు పూర్వమే, 1942లో, జోసెఫ్ షుంపీటర్ ఒక చిత్రమైన పదబంధమును ప్రచారమునకు తెచ్చెను: సృష్టికారక విధ్వంసము. కొత్తది పుట్టుటయు పాతది నశించుటయు ఒకే క్రియకు రెండు ముఖములని దాని భావము. అఘియాన్, హోవిట్ పండితులు 1992లో ఈ భావమునకు గణితరూపము కల్పించిరి. ఒక సంస్థ కొత్త వస్తువును కల్పించి కొంతకాలము లాభము పొందును. ఆ లాభమునకు ఆశపడి మరియొకరు దానిని మించిన వస్తువును తెచ్చి మొదటివారిని తొలగింతురు. ప్రతివారును పూర్వుల భుజములపై నిలిచి పైకెగబ్రాకుదురు గనుక దేశము ముందునకు సాగును. ఐతే కొత్తవాడు తాను కూలద్రోసినవాని నష్టమును లెక్కింపడు. ఆ నష్టమును లెక్కించుట సమాజము వంతు. కావున పాత ఉద్యోగమును పట్టుకొని వ్రేలాడక, ఉద్యోగము కోల్పోయిన మనుష్యుని కాపాడి, కొత్త పని నేర్పవలెనని అఘియాన్ బోధించును.

మైసూరు అనుభవము

ఈ భావములు మనవారికి క్రొత్తవి కావు. గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండమునుండి వచ్చిన తెలుగు కుటుంబమున, ముద్దేనహళ్లిలో జన్మించిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు 1903లో పూనా చెంతనున్న ఖడక్‌వాస్లా జలాశయమునకు తాము కల్పించిన స్వయంచాలక ద్వారములను అమర్చిరి. నీరు మించినపుడు తామై తెరచుకొని, తగ్గినపుడు తామై మూసికొను ఆ తలుపులు పోరుమామిళ్ల శాసనకర్త కలలో సైతము ఊహింపని కల్పన. అంతకంటె గొప్ప విషయము, వారు యంత్రముతో తృప్తినొందక సంస్థలను నిర్మించుట. 1911లో మైసూరు ఆర్థిక సమావేశము వారి ప్రేరణచే ఏర్పడినది. 1912 మొదలు 1918 వరకు దివానుగా నుండి, 1913లో మైసూరు బ్యాంకును, 1916లో మైసూరు విశ్వవిద్యాలయమును, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాలను వారు నెలకొల్పిరి. శాస్త్రమును, ధనమును, చేతిపనిని ఒకచోట చేర్చుటయే వారి పట్టుదల. నేడు బెంగుళూరు గడించిన కీర్తికి మూలము ఆనాటి విత్తనములలో కలదు.

కాని పావగడ నాటి మైసూరు రాజ్యములోనిదే యైనను, ఆ విత్తనములు ఇంత దూరము మొలకెత్తలేదు. ఇచట చెరువుల పిదప వచ్చినది బావి. ఎద్దులతో తోలెడి కపిల పోయి విద్యుత్తు పంపు వచ్చినది. తోలు బానలు కుట్టెడి పనివారి వృత్తి దానితో అంతరించినది. ఐనను రైతు తడి పెరిగినది గనుక అది సృష్టికారకమే. ఆ పిమ్మట గొట్టపు బావి వచ్చినది. ఒక రైతు లోతునకు త్రవ్వగా పొరుగువాని బావి ఎండును. పొరుగువాడు అప్పుచేసి మరింత లోతునకు పోవును. అడుగునుండి వచ్చిన నీటిలో ఫ్లోరైడు చేరి పిల్లల పండ్లను, పెద్దల ఎముకలను చెరచినది. ఒకరి లాభము పొరుగువాని నష్టమునుండియే వచ్చినపుడు అది విధ్వంసమే గాని సృష్టి కాదు. కొత్త యంత్రము వచ్చినంతమాత్రమున అభివృద్ధి రాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

సూర్యశక్తి క్షేత్రము

ఇంతలో ఈ సీమకు శాపమైన ఎండయే వరముగా మారినది. 1954లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున ముగ్గురు శాస్త్రజ్ఞులు సిలికాన్ సూర్యఘటమును నిర్మించిరి. అది తనపై బడిన వెలుగులో సుమారు ఆరు శాతమును మాత్రమే విద్యుత్తుగా మార్చెను. 1976లో వాటు ఒక్కింటికి నేటి విలువలో నూరు డాలర్లకు మించియున్న ఫలకముల వెల 2019 నాటికి అర డాలరునకు లోబడినది. ఈ పతనమే తిరుమణి, వళ్లూరు, బాలసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామముల రూపు మార్చినది. 'శక్తిస్థల' అను పేర 2018 మార్చి 1వ తేదీన ప్రారంభమైన ఈ క్షేత్రము సుమారు 13,000 ఎకరములలో వ్యాపించి, 2019 చివరకు 2,050 మెగావాట్ల సామర్థ్యము నొందినది. భూమిని కొనక, సుమారు 2,300 మంది రైతులనుండి 28 ఏండ్లకు కౌలునకు గైకొనుట ఇందలి మరియొక కల్పన. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు; రెండేండ్లకొకమారు 5 శాతము హెచ్చింపు.

పంట పండని నేలకు నిలుకడైన ఆదాయము లభించుట మేలే. అప్పులు తీర్చుకొని పిల్లలను చదివించుకొనుటకు రైతునకు వీలు కలిగినది. ఐనను లెక్క చూడవలెను. ఆ నియమము ప్రకారము చివరి రెండేండ్లలో ఎకరము కౌలు సుమారు 39,600 రూపాయలగును. ధరలు ఏటేట 4 శాతము చొప్పున పెరిగినచో, 28వ ఏట ఆ మొత్తము మొదటి ఏటి విలువలో దాదాపు 13,700 రూపాయలతో సమానము. అనగా మూడింట రెండు వంతులు మాత్రమే. భూమిలేని కూలివానికి ఈ కౌలులో భాగమే లేదు. వానికి కోతపని పోయినది, గొఱ్ఱెల కాపరికి మేతనేల తరిగినది. షుంపీటర్ చెప్పిన రెండు ముఖములును ఒకే గ్రామమున, ఒకే వీధిలో కాననగుచున్నవి.

ఇంతకంటె లోతైన ప్రశ్న మోకిర్ దృష్టినుండి పుట్టును. ఫలకము వేరుచోట పుట్టినది. దాని శాస్త్రము వేరుచోట పెరిగినది. విద్యుత్తు వేరుచోటికి పోవుచున్నది. నేలయు ఎండయు మాత్రమే మనవి. కౌలు ఒక మెట్టు, జ్ఞానము మెట్లవరుస. చెరువుతో ఒక మెట్టెక్కి నిలిచిపోయిన సీమ, ఫలకముతో మరల ఒక మెట్టెక్కి నిలిచిపోవునా, లేక ఈ మారు ముందునకు సాగునా యనునదియే నేటి సమస్య.

ముగింపు

నా మనవి మూడు మాటలలో ముగించెదను. ఆ క్షేత్రము నీడనే సూర్యవిద్యుత్తును గూర్చి బోధించి పరిశోధించు విద్యాలయము వెలసి, ఫలకములు తుడుచు బాలుడు అవి ఏల పనిచేయుచున్నవో కూడ తెలిసికొనవలెను. ఆ బోధ వాని యింటిభాషలోను, బడిభాషలోను జరుగవలెను. భూమిలేనివారికి ఈ ఆదాయమునుండి న్యాయమైన పాలు లభింపవలెను. మూడవది, సీమలోని పాత చెరువులను వాని శాసనములతో సహా పరిశీలించి, పూడికలు తీయించి, నేటి జలశాస్త్రముతో ఆ పాత నేర్పును కలుపవలెను.

మల్లిసెట్టి తన 2,000 పోకచెట్ల ఆదాయమును తాను తినివేయక రాబోవువారికై రాతికట్టడముగా మార్చెను. సూర్యుడు మనకిచ్చుచున్న నేటి ఆదాయమును మనము దేనిగా మార్చి పిల్లల చేతికి ఇత్తుము? నిడుగల్లు కొండక్రింద నివసించువారును, ఆ సీమను విడిచి నగరములలో స్థిరపడినవారును కూడి యోచింపవలసిన ప్రశ్న ఇది. ఇరువదియెనిమిదేండ్లు మిక్కిలి దీర్ఘకాలము కాదు.