భక్తిరంజని వేళ గుండె వేగం

శాస్త్రీయ సంగీత కచేరీ వినాలంటే బుచ్చయ్యపేట రైతు విజయనగరమో విశాఖో బండి కట్టుకుని వెళ్లాల్సిన రోజులుండేవి. ఆ దూరాన్ని రేడియో చెరిపేసింది. 1948 డిసెంబరు 1న విజయవాడలో, 1963 ఆగస్టు 4న విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రాలు మొదలయ్యాయి. తెల్లవారుజామున భక్తిగీతాల కార్యక్రమం భక్తిరంజని వస్తుంటే ఒకరు పొయ్యి రాజేసేవారు, ఇంకొకరు పశువులకు కుడితి పెట్టేవారు. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారు పనిచేసిన కాలమది. విజయనగరం జిల్లా పుష్పగిరిలో పుట్టిన శ్రీరంగం గోపాలరత్నం గొంతు కూడా రేడియోలోనే ఇంటింటికీ చేరింది.

ఈ పాటలు ఆందోళనకు మందని అప్పట్లో ఎవరూ అనలేదు. దేవుడి పాటలన్నారు, అంతే.

పాటతో మనసు కుదుటపడుతుందన్న నమ్మకం మాత్రం చాలా పాతది. అన్నమయ్య వేంకటేశ్వరుడికే జోల పాడాడు. జోలపాట అనగానే సంగీతం తెలిసినవాళ్లకు నీలాంబరి రాగం గుర్తొస్తుంది. శాంతం లేనిదే సుఖం లేదని చెప్పడానికి త్యాగరాజు (1767-1847) ఎంచుకున్నది సామ రాగం. తంబియప్పన్ అనే శిష్యుడి కడుపునొప్పి పోవాలని ముత్తుస్వామి దీక్షితులు గురుగ్రహం మీద అఠాణా రాగంలో కృతి కట్టారని సంప్రదాయం చెబుతుంది. కథగా బాగుంది. కానీ ఇలాంటి కథలే ఇప్పుడు 'ఫలానా రాగం బీపీకి, ఫలానా రాగం షుగరుకి' అనే పట్టికలుగా వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. వాటికి ఆధారం అడిగితే జవాబుండదు.

ఆధారం వెతికినవాళ్లకు కనిపించింది వేరు. ఇటలీలోని పావియాలో లూసియానో బెర్నార్డి బృందం 24 మందికి ఆరు రకాల సంగీతం వినిపించింది. అందులో హిందుస్తానీ రాగం కూడా ఉంది. 2006లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం ఊపిరి, గుండె వేగం, రక్తపోటు ప్రధానంగా లయను బట్టి మారాయి. సంగీతం ఏ శైలిదన్నది, వినేవాళ్ల ఇష్టాయిష్టాలు అంతగా పనిచేయలేదు. పాటల మధ్య ఇచ్చిన రెండు నిమిషాల విరామంలో గుండె వేగం మొదట ఉన్నదానికన్నా తగ్గింది. విలంబకాలంలో పాడుతూ, చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి పీల్చుకోనిచ్చే గాయకులకు ఇదేమీ వింతగా తోచదు!

బాలమురళీకృష్ణ (1930-2016) పేరిట ఏర్పడిన ట్రస్టు కూడా సంగీత చికిత్సపై పరిశోధనను తన లక్ష్యాల్లో చేర్చుకుంది. అమెరికాలోనైతే రెండో ప్రపంచయుద్ధ కాలంలోనే, 1944లో, మిషిగన్ స్టేట్ కళాశాలలో ఈ చికిత్స డిగ్రీ చదువైంది.

ఆందోళన విషయంలో గట్టి లెక్క ఆపరేషన్‌కు ముందు మంచం మీద ఎదురుచూసే రోగులది. 2013లో, వైద్య ప్రయోగాలను సమీక్షించే కొక్రేన్ సంస్థ 26 ప్రయోగాలను, 2,051 మంది రోగులను కలిపి చూసింది. 20 నుంచి 80 వరకు ఆందోళనను కొలిచే ప్రశ్నావళిలో, సంగీతం విన్నవాళ్ల స్కోరు సగటున 5.72 తక్కువగా ఉంది. అయితే ఒక చిక్కు. మందు ప్రయోగంలో ఉత్తుత్తి మాత్ర ఇచ్చి రోగికి తెలియకుండా ఉంచవచ్చు. చెవిలో పాట వినిపిస్తోందో లేదో రోగికి తెలియకుండా చేయడం ఎలా? ఈ పరిమితిని సమీక్షకులు దాచకుండా రాశారు.