పిల్లికి షుగర్ వస్తే: ఇంట్లో రక్తం కొలవడం, ఇన్సులిన్ మోతాదు సరిచూసుకోవడం

మనుషులకు వచ్చినట్టే పిల్లులకూ షుగర్ వ్యాధి వస్తుంది. అది చాలావరకు మనుషుల్లోని టైప్ 2 మధుమేహాన్ని పోలి ఉంటుంది. వయసు మళ్లినవి, బాగా ఒళ్లు చేసినవి, గడప దాటకుండా తిని పడుకునేవి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన మగపిల్లులు దీని బారిన ఎక్కువగా పడతాయి. స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినా రావచ్చు. దీనికి చికిత్స ఉంది. మొదట్లోనే గుర్తించి జాగ్రత్తగా చూసుకుంటే కొన్ని పిల్లులకు కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. అయితే ఇన్సులిన్ ఎక్కువైతే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కొలవకుండా మోతాదు మార్చకూడదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పశువుల ఆసుపత్రులకు రోజూ వచ్చేవి ఎక్కువగా ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెలు. ఒక పిల్లిని రోజంతా అక్కడే ఉంచి రెండు గంటలకోసారి రక్తం చూసే వీలు అన్నిచోట్లా ఉండదు. పైగా కొత్త చోట భయపడిన పిల్లికి ఆ భయంతోనే షుగర్ 300 దాటిపోవచ్చు. అందువల్ల అరసవల్లిలో ఉన్న కుటుంబమైనా, హైదరాబాద్‌లో ఉన్న కుటుంబమైనా కొలిచే పని ఇంట్లో నేర్చుకుంటేనే మేలు. కొలిచిన లెక్క చూసి మోతాదు నిర్ణయించే పని మాత్రం డాక్టర్‌దే.

ఎలా గుర్తించాలి

నీళ్లు ఎక్కువ తాగడం, మూత్రం ఎక్కువ పోయడం, ఆకలి బాగా ఉన్నా బరువు తగ్గడం ముఖ్యమైన గుర్తులు. కొన్ని పిల్లులు వెనక కాళ్లను మడమల దాకా నేలకు ఆనించి నడుస్తాయి. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయనడానికి అది సూచన.

ఆరోగ్యంగా ఉన్న పిల్లికి డెసిలీటర్ రక్తంలో సుమారు 80 నుంచి 120 మిల్లీగ్రాముల చక్కెర ఉంటుంది. అది 250, 300 మధ్యకు చేరాక మూత్రంలోకి దిగడం మొదలవుతుంది. భయం వల్ల పెరిగిన షుగర్‌ను జబ్బుగా పొరబడకుండా డాక్టర్లు మూత్ర పరీక్షతో పాటు ఫ్రక్టోజమైన్ అనే రక్త పరీక్ష కూడా చేయిస్తారు. గడిచిన రెండు మూడు వారాల సగటు షుగర్ ఎలా ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఫ్రిజ్‌లో ఉన్న ఇన్సులిన్ వాడొచ్చా

చాలా ఇళ్లలో నానాకో దాదీకో షుగర్ ఉంటుంది. ఫ్రిజ్ తలుపులో ఇన్సులిన్ సీసా ఉంటుంది. దానిలోంచి పిల్లికి కాస్త ఎక్కిద్దామన్న ఆలోచన చాలా ప్రమాదం. మనుషులు వాడే ఇన్సులిన్లలో రకాలున్నాయి. కొన్ని వేగంగా పనిచేసి అయిపోతాయి, కొన్ని రెండు రకాలు కలిపినవి. పిల్లులకు ఎక్కువగా వాడేది గ్లార్జిన్. ఇది మనుషులకూ ఇచ్చేదే, నెమ్మదిగా ఎక్కువసేపు పనిచేస్తుంది. పిల్లుల కోసమే తయారైన ప్రోజింక్, జంతువులకు వాడే కానిన్సులిన్ కూడా ఉన్నాయి. ఏది వాడాలో డాక్టరే రాయాలి.

కానిన్సులిన్‌ను పంది క్లోమం నుంచి తీస్తారు. గ్లార్జిన్‌ను ప్రయోగశాలలో సూక్ష్మజీవుల ద్వారా తయారు చేస్తారు. ఈ విషయంలో పట్టింపు ఉన్న కుటుంబాలు మందు రాయించుకునేటప్పుడే డాక్టర్‌తో చెబితే సరిపోతుంది.

40 సిరంజి, 100 సిరంజి

మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది. ఒకదానిలో మిల్లీలీటర్‌కు 40 యూనిట్లు ఉంటాయి, మరోదానిలో 100 యూనిట్లు. వాటి సిరంజిలు కూడా వేరు. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ మూత ఉండటం మామూలు. మూత రంగును మాత్రమే నమ్ముకోకుండా సిరంజి మీద, సీసా మీద అంకె చదవాలి. రెండూ ఒకటే అయి ఉండాలి.

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక లెక్కతో తెలుస్తుంది. 100 యూనిట్ల సీసాలోని మందును 40 సిరంజిలో ఒక యూనిట్ గీత వరకు తీస్తే లోపలికి వెళ్లేది 2.5 యూనిట్లు. మనిషికి 20 యూనిట్లు ఇచ్చే చోట ఒకటిన్నర యూనిట్ తేడా పెద్దగా కనిపించకపోవచ్చు. 4 కిలోల పిల్లికి అది ప్రాణాంతకం కావచ్చు. చాలా పిల్లులకు 12 గంటలకోసారి 1 యూనిట్ దగ్గరే మొదలుపెడతారు. మొదట్లో ఒక్కో పూటకు 2 యూనిట్లు దాటనివ్వరు. అర యూనిట్ గీతలున్న 0.3 మిల్లీలీటర్ల సిరంజి దొరికితే ఇంకా మంచిది. గ్లార్జిన్‌ను నీళ్లతో పలచన చేయకూడదు, వేరే ఇన్సులిన్‌తో కలపకూడదు.

చెవి నుంచి రక్తం తీయడం

పిల్లి చెవి అంచు పొడుగునా సన్నని రక్తనాళం ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను చెవికి కాసేపు ఆనిస్తే రక్తం బాగా వస్తుంది. చెవి వెనక దూది ముక్క పెట్టి, అంచు దగ్గర లాన్సెట్‌తో గుచ్చి, వచ్చిన చుక్కను స్ట్రిప్‌కు తాకించాలి. తర్వాత దూదితో కాసేపు అదిమి పట్టాలి. ప్రతిసారీ పిల్లికి ఇష్టమైన మాంసం ముక్క పెడితే కొద్దిరోజుల్లో అదే వచ్చి కూర్చుంటుంది.

మనుషుల గ్లూకోమీటర్ పిల్లి రక్తంలో షుగర్‌ను అసలు కంటే తక్కువ చూపించే అవకాశం ఎక్కువ. జంతువుల కోసం తయారైన ఆల్ఫాట్రాక్ లాంటి మీటర్ దొరికితే అదే మేలు. దొరక్కపోతే మనుషులదైనా పర్వాలేదు, కానీ ఎప్పుడూ ఒకే మీటర్ వాడాలి. అది ఏ మీటరో డాక్టర్‌కు చెప్పాలి. చర్మానికి అతికించే ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సార్‌ను పిల్లులకూ వాడుతున్నారు. మనుషుల్లో 14 రోజులు ఉండే సెన్సార్ పిల్లి ఒంటి మీద అంతకు ముందే ఊడిపోవచ్చు.

ఒక్క అంకె చూసి మోసపోవద్దు

ఉదయం ఇంజెక్షన్‌కు ముందు చూసిన అంకె ఒక్కటే మోతాదు సరిపోయిందో లేదో చెప్పదు. ఇన్సులిన్ ఇచ్చాక షుగర్ ఎంత దిగువకు వెళ్లింది, ఎప్పుడు వెళ్లింది అన్నది తెలియాలి. అందుకోసం ఒక రోజంతా, 12 గంటలపాటు, రెండు గంటలకోసారి కొలిచి రాస్తారు. దీన్ని గ్లూకోజ్ కర్వ్ అంటారు. ఇన్సులిన్ మొదలుపెట్టిన వారం రెండు వారాలకు, మోతాదు మార్చిన ప్రతిసారీ వారం రెండు వారాలకు ఇది చేయాలి.

ఉదాహరణకు ఒక పిల్లికి ఉదయం 7 గంటలకు 340, 9కి 290, 11కి 210, మధ్యాహ్నం 1కి 140, 3కి 160, 5కి 240, రాత్రి 7కి 320 వచ్చాయనుకుందాం. ఉదయం 340 చూసి మందు చాలడం లేదని అనిపిస్తుంది. నిజానికి అన్నిటికంటే తక్కువ అంకె 140. అది ఉండాల్సిన చోటే ఉంది. ఈ పిల్లికి మోతాదు పెంచాల్సిన పని లేదు.

మరో పిల్లికి ఉదయం 7కి 310, 9కి 170, 11కి 62, మధ్యాహ్నం 1కి 180, సాయంత్రం 5కి 400 వచ్చాయనుకుందాం. సాయంత్రం ఒక్కసారే చూసినవారు 400 అని కంగారుపడి మోతాదు పెంచేస్తారు. కానీ 11 గంటలకు అది 62కి పడిపోయింది. ఈ పిల్లికి మోతాదు తగ్గించాలి. ఇంకా పెంచితే మర్నాడు ఉదయం ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

మోతాదు మార్చే పద్ధతి

అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ, సాధారణంగా డాక్టర్లు పాటించే పద్ధతిలోనూ కనిపించే ముఖ్య విషయాలివి.

రోజులో అన్నిటికంటే తక్కువ అంకె 80 నుంచి 150 మధ్య ఉండేలా చూస్తారు. ఎక్కువ అంకె 300 దాటకపోతే చాలా బాగున్నట్టే.

తక్కువ అంకె 150 పైనే ఉండి, నీళ్లు తాగడం, బరువు తగ్గడం ఆగకపోతే అర యూనిట్ నుంచి 1 యూనిట్ వరకు పెంచుతారు. పెంచాక కనీసం 5 నుంచి 7 రోజులు ఆగుతారు.

తక్కువ అంకె 80 కంటే దిగితే వారం ఆగకుండా వెంటనే తగ్గిస్తారు. వణుకు, తూలడం లాంటివి కనిపించి ఉంటే మోతాదును సగానికి తేవడం మామూలు.

ఇంజెక్షన్ వేళకు అంకె ఊహించని విధంగా 200 కంటే తక్కువ ఉంటే, పిల్లి తినకపోతే, వాంతులు చేసుకుంటే ఇంజెక్షన్ ఇవ్వకుండా డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

సూది గుచ్చేటప్పుడు మందు కొంత బొచ్చులోకి కారిపోయిందనిపిస్తే మళ్లీ ఇవ్వకూడదు. అమ్మీ ఇచ్చిందా అబ్బా ఇచ్చారా అని ఇంట్లో తెలియకపోయినా ఇవ్వకూడదు. ఒక పూట తప్పితే షుగర్ కాస్త పెరుగుతుంది, అంతే. రెండుసార్లు పడితే పిల్లి చనిపోవచ్చు. గోడకు ఒక క్యాలెండర్ తగిలించి ఇచ్చిన వెంటనే టిక్కు పెట్టడం అన్నిటికంటే సులువైన జాగ్రత్త.

ఎంత పెంచినా షుగర్ దిగకపోతే పంటి చీము, మూత్రంలో ఇన్ఫెక్షన్, గ్రోత్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు లాంటివి ఉన్నాయేమో డాక్టర్ చూడాలి. సీసా పాడైపోయి ఉండటం కూడా ఒక కారణమే.

షుగర్ పడిపోతే

60 కంటే తక్కువైతే అత్యవసరం. నీరసం, తూలుతూ నడవడం, కండరాలు అదరడం, పిలిస్తే పలకకపోవడం, చివరికి ఫిట్స్, స్పృహ తప్పడం కనిపిస్తాయి. తినగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టాలి. తినలేకపోతే తేనె గాని, గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపిన చిక్కటి పాకం గాని వేలితో చిగుళ్లకు రాయాలి. స్పృహ లేని పిల్లి నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఫిట్స్ వస్తుంటే పళ్ల మధ్య వేలు పెట్టకూడదు. కాస్త తేరుకున్నా సరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఇన్సులిన్ ఇంకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి షుగర్ మళ్లీ పడిపోతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ప్రమాదం కీటోన్లు. పిల్లి తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, మూలన పడి ఉంటే మూత్రంలో కీటోన్ స్ట్రిప్‌తో చూడాలి. కీటోన్లు ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

తిండి

మన తీరప్రాంతంలో పిల్లికి పెట్టేది ఎక్కువగా అన్నంలో కలిపిన చేపల పులుసు, పాలు. పిల్లి మాంసాహారి. అన్నంలోని పిండిపదార్థం దాని షుగర్‌ను పెంచుతుంది. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించి ముళ్లు తీసిన చేప, ఎముకలు తీసిన కోడిమాంసం, పిండిపదార్థం తక్కువున్న తడి ఆహారం మేలు. అయితే మాంసం ఒక్కటే ఎక్కువకాలం పెడితే పోషకాలు చాలవు కాబట్టి డాక్టర్‌ను అడిగి సమతుల్యం చేసుకోవాలి. కూరలోని ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి, అందుకని కూర పెట్టనే వద్దు. అన్నం మాన్పించగానే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా తగ్గిపోవచ్చు. తిండి మార్చే వారం రోజులూ మరింత తరచుగా కొలవాలి.

రంజాన్ నెలలో

సహర్‌కు, ఇఫ్తార్‌కు మధ్య సరిగ్గా 12 గంటలు ఉండవు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రంజాన్ వస్తే మన వైపు ఆ ఎడం 13 గంటలకు అటూఇటూ ఉంటుంది. పిల్లి ఇంజెక్షన్‌ను ఆ రెండింటికీ ముడిపెడితే లెక్క తప్పుతుంది. సహర్ ముగిశాక 5 గంటలకు ఒకటి, సాయంత్రం అసర్ తర్వాత 5 గంటలకు ఒకటి అని పెట్టుకుంటే 12 గంటలు నిలుస్తాయి, ఇఫ్తార్ హడావిడిలో మరిచిపోయే భయమూ ఉండదు. వేళ మార్చేటప్పుడు రోజుకు పావుగంట చొప్పున జరపాలి.

కరెంటు పోతే

తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకడితే పారేయాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు సీసాను నీళ్లు తగలకుండా మూతున్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుక పోసిన మట్టికుండలో నీడలో ఉంచితే చల్లగా ఉంటుంది. గ్లార్జిన్ సీసా తెరిచిన తేదీ దాని మీదే రాయాలి. తయారీదారులు చెప్పే గడువు తెరిచాక 28 రోజులు.

మాత్రలు ఉన్నాయా

ఉన్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 డిసెంబర్‌లో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రను, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ ద్రవాన్ని పిల్లులకు అనుమతించింది. ఇవి అంతకుముందు ఇన్సులిన్ వాడని పిల్లులకే. వీటితో షుగర్ మామూలుగా కనిపిస్తున్నా కీటోన్లు పెరిగే ప్రమాదం ఉంది. మనుషుల షుగర్ మాత్రలను సొంతంగా వేయకూడదు.

ఎక్కడ అడగాలి

శ్రీకాకుళంలోని ప్రభుత్వ పశువైద్యశాలలో మొదట చూపించవచ్చు. విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉంది. సంచార పశువైద్య సేవల కోసం 1962 నంబర్‌కు ఫోన్ చేయవచ్చు. ఎక్కడికి వెళ్లినా పిల్లితో పాటు రాసుకున్న అంకెల పుస్తకం, ఇన్సులిన్ సీసా, వాడుతున్న సిరంజి తీసుకెళ్లాలి. ఆ మూడూ చేతిలో ఉంటే పిల్లుల షుగర్ కేసులు ఎక్కువగా చూడని డాక్టర్ కూడా మోతాదు విషయంలో సరైన నిర్ణయం తీసుకోగలుగుతారు.