అలసటకు యజమాని ఎవరు? ‘టోనీ ఎర్డ్‌మన్’ చిత్రంలో బర్నవుట్

జర్మన్ దర్శకురాలు మారెన్ ఆడె 2016లో తీసిన ‘టోనీ ఎర్డ్‌మన్’ గురించి రాసేవారిలో చాలామంది తండ్రి టోనీ ఎర్డ్‌మన్‌గా మారడానికి వాడే పెట్టుడు పళ్లు, విగ్గు, బట్టలు లేని పుట్టినరోజు విందు చుట్టూనే తిరుగుతారు. కూతురు చేసే ఉద్యోగాన్ని ఒక్క వాక్యంలో తేల్చేసి, నవ్వు మరిచిన కూతురికి తండ్రి మళ్లీ నవ్వు నేర్పిన కథగా ముగిస్తారు. 162 నిమిషాల చిత్రాన్ని ఇలా తండ్రీ కూతుళ్ల సెంటిమెంటుకు కుదించడం మీదే ఈ వ్యాసకర్త అభ్యంతరం. కూతురు ఇనెస్ అలసట మనసులో పుట్టినది కాదు, పై నుంచి వచ్చిన పని వల్ల పుట్టినది. ఆ పని పురమాయించినవాళ్లు తెర మీదే ఉన్నారు.

ఇలా చదవడానికి అడ్డుపడుతున్నది బ్యుంగ్ చుల్ హాన్ సిద్ధాంతం. సియోల్‌లో పుట్టి జర్మనీలో స్థిరపడిన ఈ తాత్వికుడు 2010లో వెలువరించిన అలసట సమాజం గురించిన గ్రంథంలో, నేటి మనిషిని అణచేది పరాయివాడు కాడనీ, తనను తానే దోచుకుంటున్నాడనీ, యజమానీ బానిసా ఒకే ఒంట్లో ఉన్నారనీ వాదించాడు. బర్నవుట్ మీద రాసేవారు కొందరు దీన్ని వేదవాక్కుగా పట్టుకున్నారు. అయితే బర్నవుట్‌పై మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో చేసిన తొలి పరిశీలన ఉచిత వైద్యశాల సిబ్బందిపై సాగింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 కూడా బర్నవుట్‌ను వ్యాధిగా కాక, అదుపు కాని దీర్ఘకాలిక పని ఒత్తిడి ఫలితంగా, వృత్తికి సంబంధించిన దృగ్విషయంగా పేర్కొంది. అంటే రెండూ చూపు సారించింది పనిచోటు వైపే. హాన్ మాత్రం పనిచోటును ఖాళీ చేసి, యజమాని కుర్చీలో అద్దం పెట్టాడు.

ఇప్పుడు చిత్రానికి వద్దాం. ఇనెస్ (సాండ్రా హ్యూలర్) బుకారెస్ట్‌లో ఒక కన్సల్టింగ్ సంస్థ ఉద్యోగి. చమురు కంపెనీ పనులను బయటి సంస్థలకు అప్పగించే ప్రణాళిక తయారు చేయడం ఆమె బాధ్యత. అది అమలైతే ఉద్యోగాలు పోతాయి. తన నోటితో చెప్పడానికి జంకే మాటను కంపెనీ కన్సల్టెంట్ చేత చెప్పిస్తుంది. క్లయింట్ హెన్నెబర్గ్ ఒక విందులో ఆమెతో వ్యాపారం మాట్లాడకుండా, తన భార్యను షాపింగ్‌కు తీసుకువెళ్లమని మర్యాదగా అడుగుతాడు. కాదనడం ఆమె చేతిలో లేదు. ఆమె మాల్‌కు వెళ్తుంది. ఇందులో ఆత్మదోపిడీ ఎక్కడుంది? చెప్పినవాడికి పేరుంది, హోదా ఉంది, కాంట్రాక్టు మీద అధికారం ఉంది.

మరో ఘట్టం మరీ సూక్ష్మమైనది. ముఖ్యమైన ప్రెజెంటేషన్‌కు ముందు, దెబ్బ తగిలిన కాలివేలి నుంచి రక్తం చిమ్మి ఇనెస్ జాకెట్టుపై పడుతుంది. ఇనెస్ తన సహాయకురాలు అంకా జాకెట్టు తీసుకుని తొడుక్కుంటుంది. మరక పడిన బట్ట అంకాకు మిగులుతుంది. హెన్నెబర్గ్ నుంచి ఇనెస్‌కు, ఇనెస్ నుంచి అంకాకు దిగే భారాన్ని దర్శకురాలు ఒక్క బట్టలో చూపించింది. చమురు క్షేత్రంలోనూ ఇదే వరస. అక్కడికి కూతురి వెంట వెళ్లిన తండ్రి వింఫ్రీడ్ (పీటర్ సిమోనిషెక్) సరదా మాట వల్ల ఒక కార్మికుడి ఉద్యోగం ఊడుతుంది. తండ్రి కలవరపడితే, వాళ్లు ఎంతమందిని తీసేస్తే తనకు అంత పని తగ్గుతుందన్న ధోరణిలో కూతురు బదులిస్తుంది. ఆమెను కఠినురాలని తిట్టడం తేలిక. ఆమెకు అప్పగించిన పని లెక్కలో మాత్రం ఆ బదులు సరైనదే.

విమర్శకులు విముక్తి ఘట్టంగా కొనియాడే నగ్న విందును కూడా ఈ వెలుగులో మళ్లీ చూడాలి. బిగుసుకుపోయిన గౌనును విడిచేసిన ఇనెస్, వచ్చినవారికి ఇది బట్టలు లేని పార్టీ అనీ, టీమ్ మధ్య సాన్నిహిత్యం కోసమనీ చెబుతుంది. అంకా బట్టలు విప్పుతుంది, ఎందుకంటే చెప్పింది పై అధికారి. కాస్త ఆలస్యంగా అయినా బాస్ గెరాల్డ్ కూడా ఆ స్థితిలోనే వచ్చి నిలబడతాడు. గుడ్డలు పోయినా హోదాలు పోలేదు. నవ్వు తెప్పిస్తున్నది నగ్నత్వం కాదు, నగ్నత్వంలోనూ చెక్కుచెదరని ఆఫీసు విధేయత. ఆ తర్వాత బల్గేరియన్ కుకేరి వేషంలో, ఒళ్లంతా జూలుతో వచ్చిన తండ్రిని ఇనెస్ వాటేసుకోవడం నిజమే. కానీ ఆ కౌగిలి ఏ ఉద్యోగ నియమాన్నీ మార్చలేదు.

చివరికి ఆమె ఆ ఉద్యోగం వదిలి సింగపూర్‌లోని మెకిన్జీకి తన ఇష్టంతోనే వెళ్తుంది కాబట్టి హాన్ మాటకు కొంత ఊతం దొరుకుతుందని అనవచ్చు. అయితే యజమానిని మార్చుకున్నంత మాత్రాన యజమాని లేడని అర్థం కాదు.

కాన్ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రానికి అంతర్జాతీయ సినీ విమర్శకుల ఫిప్రెస్కీ బహుమతి దక్కింది, ప్రధాన జ్యూరీ మాత్రం ఖాళీ చేతులతో పంపింది. అదే ఏడాది యూరోపియన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, దర్శకత్వం, రచన, నటుడు, నటి పురస్కారాలు ఐదూ గెలుచుకుంది. ఇంత ఆదరణ వెనుక ఉన్నది తండ్రి చిలిపితనం ఒక్కటే కాదు, ఆఫీసు అలసటను ఇంటి సమస్యగా దాచే అలవాటుపై కోపమూ ఉండవచ్చు. జర్మన్ హాస్యచిత్రం ఇకపై అలసట గురించి మాట్లాడాలంటే ఈ దారినే నడవక తప్పదు. ఇనెస్ బయటి సంస్థలకు అప్పగించే పనుల వంటివి అందుకునే హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టుల మధ్య బతికే తెలుగు ఉద్యోగులకు ఈ వరస వివరించి చెప్పనక్కరలేదు. బర్నవుట్ చిత్రాలపై పనిచేసే మన పరిశోధకులకు ఒక విన్నపం: పాత్ర మనసును విశ్లేషించడానికి ముందు, ఆ పాత్రకు పని పురమాయించింది ఎవరో రాసి పెట్టండి.