చెక్కు మీద తప్పిన పేర్లు

ఇలాంటి పుస్తకంలో సూపర్‌మ్యాన్ వీడియో గేమ్ గురించి వ్యాసమేమిటని అడిగేవాళ్ళుంటారు. అడగనివ్వండి. అస్తిత్వం అనగానే మనం పెద్ద మాటల దగ్గర ఆగిపోతాం. నాకు మాత్రం అస్తిత్వమంటే ముందుగా పేరు. ఉర్దూలో పహచాన్ అనే ఒకే మాట రెండు పనులు చేస్తుంది. నువ్వెవరివో అదీ పహచానే, ఎదుటివాడు నిన్ను గుర్తుపట్టడమూ పహచానే. మొదటిది మన చేతిలో ఉంటుంది. రెండోది ఎవరి చేతిలో ఉంటుందన్నదే ఈ కథ.

1979లో అమెరికాలో అటారీ అనే కంపెనీ సూపర్‌మ్యాన్ ఆటను అమ్మకానికి పెట్టింది. టీవీకి తగిలించుకునే పెట్టె, అందులో దూర్చే క్యాట్రిడ్జ్. మొత్తం ఆట 4 కిలోబైట్లలో ఇమిడిపోయింది. అంటే ఇప్పుడు మనం సెల్‌ఫోన్‌లో పంపుకునే ఈద్ ముబారక్ బొమ్మకు కూడా ఆ చోటు చాలదు. పాత ఆటల్ని ఇప్పటి కంప్యూటర్ మీద ఆడుకునే వీలుంది కనుక కూర్చుని ఆడి చూశాను. చదరపు గళ్ళ మనిషి ఒకడు వీధిలో నడుస్తుంటాడు. అతను క్లార్క్ కెంట్, పత్రికా విలేకరి. టెలిఫోన్ బూత్‌లోకి వెళ్ళి సూపర్‌మ్యాన్‌గా బయటికొస్తాడు. లెక్స్ లూథర్ వంతెన పేల్చేస్తాడు. దాని మూడు ముక్కలు వెతికి అతికించాలి. లూథర్‌నూ అతని ఐదుగురు అనుచరులనూ ఎత్తుకెళ్ళి జైల్లో వేయాలి. క్రిప్టోనైట్ తగిలితే ఎగరలేడు, లోయిస్ లేన్ ముద్దు పెడితేనే మళ్ళీ శక్తి వస్తుంది. చావు లేదు. పాయింట్లు లేవు. గడియారం ఒక్కటే నడుస్తుంటుంది.

నన్ను ఆపేసింది మాత్రం చివరి ఘట్టం. వంతెన కట్టి, దొంగలందర్నీ జైల్లో పెట్టినా ఆట అయిపోదు. మళ్ళీ బూత్‌లోకి వెళ్ళి క్లార్క్ కెంట్‌గా మారి, నడుచుకుంటూ డైలీ ప్లానెట్ ఆఫీసుకు చేరాలి. అప్పుడే గడియారం ఆగుతుంది. ఎంత ఎగిరినా చివరకు కోటు వేసుకుని డ్యూటీకి రావాల్సిందే. ఇరవై ఏళ్ళుగా డెస్కు మీద పనిచేస్తున్నవాణ్ణి, నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆలోచన కూడా వచ్చింది.

ఈ రెండు పేర్ల మనిషిని పుట్టించినవాళ్ళెవరు? జెర్రీ సీగెల్, జో షూస్టర్. ఇద్దరూ 1914లో పుట్టారు. ఇద్దరూ యూరప్ నుంచి వలసొచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. క్లీవ్‌లాండ్ నగరంలో గ్లెన్‌విల్ అనే పేటలో చదువుకునే రోజుల్లో స్నేహితులయ్యారు. సీగెల్ రాసేవాడు, షూస్టర్ బొమ్మలు గీసేవాడు. సీగెల్ తండ్రి 1932లో తన బట్టల దుకాణంలో దొంగతనం జరిగిన రాత్రి గుండె ఆగి చనిపోయాడు. తూటాలు తగలని మనిషి ఊహ అక్కణ్ణుంచి వచ్చిందని కొందరంటారు. కావచ్చు, కాకపోవచ్చు. జర్మనీలో యూదుల మీద నాజీల దౌర్జన్యాల గురించి విన్నదీ చదివినదీ తన ఊహకు కారణమని మాత్రం సీగెల్ 1975లో స్వయంగా చెప్పాడు. వేరే గ్రహం నుంచి వచ్చినవాడు, ఇక్కడి వాళ్ళలాంటి పేరు పెట్టుకుని, తలవంచుకుని, కళ్ళజోడు చాటున బతకడం. ఈ కథ ఎవరి ఇంట్లో పుట్టిందో తెలిశాక కళ్ళజోడు నాకు వేషంలా కనిపించడం మానేసింది.

ఇక మొదటి సంచిక. 1938 జూన్ తేదీతో వచ్చిన యాక్షన్ కామిక్స్. అందులో సూపర్‌మ్యాన్ మొదటి పని ఏమిటో తెలుసా? చేయని హత్యకు మరణశిక్ష పడిన ఒక స్త్రీని కాపాడటం. సాక్ష్యం పట్టుకుని అర్ధరాత్రి గవర్నర్ ఇంటికి వెళ్తాడు, ఇనుప తలుపు విరిచి మరీ గవర్నర్‌ను నిద్రలేపుతాడు. తర్వాత పెళ్ళాన్ని కొట్టేవాణ్ణి పట్టుకుంటాడు. ఆ పైన సెనేటర్‌ను లోబరుచుకుంటున్న పైరవీకారు వెంట పడతాడు. 1940 ఫిబ్రవరిలో లుక్ పత్రిక కోసం ఇద్దరూ రెండు పేజీల కథ చేశారు. అందులో సూపర్‌మ్యాన్ హిట్లర్‌నూ స్టాలిన్‌నూ మెడపట్టుకుని జెనీవాకు తీసుకెళ్తాడు. చంపడు. నానాజాతి సమితి న్యాయస్థానం ముందు నిలబెడతాడు. హిట్లర్‌కైనా విచారణ ఉండాల్సిందేనని ఇరవై ఐదేళ్ళ ఇద్దరు కుర్రాళ్ళు అనుకున్నారు. ఆ ఏప్రిల్ 25న ఎస్.ఎస్. వారపత్రిక ష్వార్జె కోర్ సీగెల్ మీద విరుచుకుపడింది. దాడి మొదలుపెట్టింది అతని యూదుతనంతోనే. బొమ్మల కథ రాసినవాడు ఎవరి బిడ్డో శత్రువుకు ముందే తెలిసిపోయింది.

దీన్ని ఆటతో పోల్చండి. ఆటలో న్యాయస్థానం లేదు. గవర్నర్ లేడు, సాక్ష్యం లేదు. దొంగ అంటే నల్లకోటు ఆకారం. కనిపిస్తే ఎత్తుకెళ్ళి కటకటాల వెనక పడేయడమే. 4 కిలోబైట్లలో కోర్టు ఎలా పడుతుందంటారు, నిజమే. కానీ చోటు తక్కువైనప్పుడు దేన్ని ఉంచుకుంటామో, దేన్ని వదిలేస్తామో అందులోనే మన మనసు కనబడుతుంది. జైలు మిగిలింది, విచారణ పోయింది. చోటు పెరిగాక కోర్టు తిరిగొచ్చిందా అంటే అదీ లేదు. 1999లో టైటస్ కంపెనీ నింటెండో 64 మీద తెచ్చిన ఆటలో సూపర్‌మ్యాన్ గాలిలో రింగుల్లోంచి దూరుకుంటూ తిరుగుతాడు. పొగమంచు నిండిన ఆ ఊరు లూథర్ సృష్టించిన ఉత్తుత్తి ఊరట! ఆ ఆట గురించి ఇంతకన్నా రాయడం సిరా దండగ.

ఎవరి ఊళ్ళో వాళ్ళు సూపర్‌మ్యాన్‌ను తమవాణ్ణి చేసుకోవడం మనకు కొత్త కాదు. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో తెలుగులోనూ సూపర్‌మ్యాన్ వచ్చాడు, ఎన్.టి. రామారావు రూపంలో. శక్తి క్రిప్టాన్ గ్రహం నుంచి కాదు, హనుమంతుడి నుంచి. నాకు అందులో తప్పేమీ కనిపించదు. కథలు దేశాలు దాటేటప్పుడు మతం మార్చుకుంటాయి, మనుషులంత రభస చేయవు. నా బాధ అది కాదు. కథ ఎక్కడికెళ్ళినా పర్లేదు, కన్నవాళ్ళ పేరు మాత్రం దారిలో పారేయకూడదు.

పారేశారు. 1938 మార్చిలో సీగెల్, షూస్టర్ 130 డాలర్లకు సూపర్‌మ్యాన్ మీద హక్కులన్నీ రాసిచ్చేశారు. వేరే కథల డబ్బుతో కలిపి 412 డాలర్ల చెక్కు వచ్చింది. ఆ చెక్కు మీద ఇద్దరి పేర్లూ తప్పు స్పెల్లింగుతో ఉన్నాయి. వెనకవైపు తప్పు పేరుతో ఒకసారి, అసలు పేరుతో ఒకసారి సంతకం పెట్టి డబ్బు తీసుకున్నారు. ఆ చెక్కును 2012లో వేలం వేస్తే 1,60,000 డాలర్లు పలికింది.

నా పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక రకం, ఓటరు కార్డులో ఇంకో రకం, మా నాన్న రేషన్ కార్డులో మూడో రకం. రాసిన గుమాస్తాకు ఖ, క ఒకటే. దిద్దించడానికి వెళ్తే ఏదో ఒకటి ఋజువు చేసుకోమన్నారు. చదివే మీలో ఎంతమందికి ఈ అనుభవం లేదు? అందుకే ఆ చెక్కు ఫోటో చూసినప్పుడు అమెరికా చెక్కు చూసినట్టు అనిపించలేదు.

1947లో కోర్టుకెళ్ళారు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది, కొంత డబ్బు చేతికొచ్చింది. సూపర్‌మ్యాన్ పేజీల మీంచి వాళ్ళ పేర్లు పోయాయి. ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా వాళ్ళు పుట్టించినవాడు టీవీలో, బొమ్మల్లో, పెట్టెల మీద కోట్లు సంపాదిస్తుంటే సీగెల్ లాస్ ఏంజెలెస్‌లో టైపిస్టు ఉద్యోగం చేశాడు. షూస్టర్‌కు చూపు దాదాపు పోయింది. సినిమా తీయబోతున్నారని తెలిసి 1975లో సీగెల్ పత్రికలకు లేఖ రాశాడు. అది ఫిర్యాదు కాదు, శాపనార్థం. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ లాంటి చిత్రకారులు వాళ్ళ పక్షాన నిలబడ్డారు. ఆ డిసెంబరులో వార్నర్ కంపెనీ దిగొచ్చింది. ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్ల పింఛను, పేరు మళ్ళీ వేస్తామన్న ఒప్పందం.

అదే వార్నర్ ఏడాది తిరక్కుండానే, 1976లో, అటారీని 2 కోట్ల 80 లక్షల డాలర్లకు కొన్నది. సూపర్‌మ్యాన్ వాళ్ళదే, సినిమా వాళ్ళదే, ఇప్పుడు ఆట పెట్టె కూడా వాళ్ళదే. 1978 డిసెంబరులో సినిమా వచ్చింది. దాని వెనకే ఆట కావాలన్నారు. అప్పటికి అటారీలో వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్ అడ్వెంచర్ అనే ఆట చేస్తున్నాడు. ఒక తెర నుంచి ఇంకో తెరకు వెళ్తూ వస్తువులు మోసుకొచ్చే ఆట. దాన్నే సూపర్‌మ్యాన్‌గా మార్చమన్నారు. అతనికి ఇష్టం లేదు. తోటి ఉద్యోగి జాన్ డన్ ఆ కోడ్ తీసుకుని దాని మీద సూపర్‌మ్యాన్‌ను కట్టాడు. వంతెన ముక్కలు మోసుకురావడం అక్కణ్ణుంచి వచ్చిందే. రాబినెట్ తన ఆట తాను పూర్తి చేసుకున్నాడు.

డబ్బాల మీద ఎవరి పేరూ లేదు. అటారీ పద్ధతి అది. ఆట కంపెనీది, చేసినవాడు జీతగాడు. సీగెల్, షూస్టర్‌లకు పేరు తిరిగిచ్చిన యజమాని నీడలోనే కొత్త తరం పేరు లేకుండా పనిచేసింది. తట్టుకోలేక నలుగురు ప్రోగ్రామర్లు బయటికొచ్చారు. 1979లో యాక్టివిజన్ పెట్టి డబ్బాల మీద ఆట చేసినవాళ్ళ పేర్లు వేయడం మొదలుపెట్టారు.

రాబినెట్ కొట్లాడలేదు. అడ్వెంచర్‌లో ఒక చీకటి గదిలో కంటికి ఆనీ ఆనని బూడిదరంగు చుక్క పెట్టాడు. దాన్ని పట్టుకుని ఒక గోడ దగ్గరికి తీసుకెళ్తే గోడ దాటి వెళ్ళొచ్చు. అవతల గదిలో ఈ ఆట చేసింది తానేనని తన పేరు రంగులు మారుతూ వెలుగుతుంటుంది. ఎవరికీ చెప్పలేదు. 1979లో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. ఆట 1980లో లక్షల ఇళ్ళలోకి వెళ్ళింది. సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒక పదిహేనేళ్ళ పిల్లవాడు ఆ గది కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాశాడు. పేరు తీసేద్దామా అని అటారీలో చర్చ జరిగింది. తీసేయాలంటే చిప్పులు కొత్తగా తయారు చేయించాలి, ఖర్చవుతుంది. పేరు అలాగే ఉంచేశారు. ఒకే కోడ్ మీద లేచిన రెండో ఆటలో మాత్రం క్లార్క్ కెంట్ ఇప్పటికీ డైలీ ప్లానెట్ తలుపు తోసుకుని లోపలికి వెళ్తున్నాడు. అక్కడ గడియారం ఆగుతుంది. జాన్ డన్ పేరు కోసం చాలాసేపు తిరిగాను. మెట్రోపాలిస్‌లో ఎక్కడా నాకు కనిపించలేదు.