తల్లి మీద మోపిన నేరం

బిడ్డ పిలిస్తే పలకకపోయినా, కళ్ళలోకి చూడకపోయినా, పదిమందిలో కలవకపోయినా మన ఇళ్ళలో వేలు ముందు తల్లి వైపే చూపిస్తుంది. ఈ నిందకి ఒకప్పుడు వైద్యశాస్త్రమే ఆమోదముద్ర వేసిందని ఆటిజం చరిత్ర చదివితే గానీ నాకర్థం కాలేదు.

1943లో అమెరికాలో లియో కానర్ పదకొండుమంది పిల్లల గురించి రాసి ఆటిజానికి ఒక రూపు ఇచ్చాడు. ఇది పుట్టుకతో వచ్చేదేనని అందులో ఆయనే అన్నాడు. అయినా 1949లో తల్లిదండ్రుల మనసుల్లో వెచ్చదనం లేదని రాశాడు. పోనుపోను ఆ మాటలోంచి తండ్రి జారిపోయాడు. 'ఫ్రిజ్ తల్లి' మిగిలింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్' రాసి ఆ ముద్రని మరింత గట్టి చేశాడు. చికాగోలో తను నడిపిన స్కూల్లో పిల్లల్ని తల్లిదండ్రులకి దూరంగా ఉంచడం వైద్యంలో భాగమే. బిడ్డ కోసం అల్లాడుతున్న తల్లి చేతుల్లోంచి బిడ్డనీ తీసుకుని, నేరాన్నీ ఆమెకే అంటగట్టారన్నమాట!

దీన్ని ఎదిరించినవాళ్ళలో ఆటిజం ఉన్న పిల్లల్ని పెంచినవాళ్ళే ముందున్నారు. తండ్రి, మనస్తత్వ శాస్త్రవేత్త అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో ఇది మెదడుకి సంబంధించినదని పుస్తకం రాశాడు. ఇంగ్లండులో లోర్నా వింగ్ అనే తల్లి, తనే సైకియాట్రిస్టు, 1962లో ఇతర తల్లిదండ్రులతో కలిసి సంస్థ పెట్టింది. 1969లో కానర్ తల్లిదండ్రుల సభలోనే వాళ్ళని నిర్దోషులని ప్రకటించాల్సి వచ్చింది.

అసలు కానర్ కంటే ముందే, 1925లో, మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే డాక్టరు ఇలాంటి ఆరుగురు అబ్బాయిల్ని శ్రద్ధగా వర్ణించింది. వాళ్ళకి వ్యాయామం, బొమ్మలు గీయడం, చెక్కపని నేర్పించారు. 1927లో అమ్మాయిల గురించి కూడా రాసింది. అది ఇంగ్లీషులోకి వచ్చింది 2020లో! ఈ మధ్యకాలమంతా ఆటిజం మగపిల్లలదేనన్న అభిప్రాయం బలపడింది. నెమ్మదిగా, ఒద్దికగా ఉండమని పెంచిన ఆడపిల్ల తన తేడాని దాచుకోవడం నేర్చుకుంటుంది. మూగగా ఒక మూల కూచుంటే మనం దాన్ని అణకువ అని మెచ్చుకుంటాం.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. సర్టిఫికెట్ ఇవ్వడం చట్టం పని. తల్లిని బోనులోంచి దించడం, భిన్నంగా ఆలోచించే ఆడపిల్లని ఉన్నదున్నట్టుగా చూడటం మాత్రం మనమే చెయ్యాలి.