ఆడకుక్కలలో గర్భాశయ తొలగింపు

ఆడకుక్కకు మత్తు ఇచ్చి, పొట్ట కోసి, రెండు అండాశయాలను, గర్భాశయాన్ని తొలగించే శస్త్రచికిత్సను గర్భాశయ తొలగింపు అంటారు. ఆంగ్లంలో దీనిని స్పేయింగ్ అంటారు. వాడుకలో కుక్కల కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అని కూడా వ్యవహరిస్తారు. పశువైద్యశాలలలో తరచుగా జరిగేది కాబట్టి దీనిని చిన్న ఆపరేషన్‌గా భావించడం పరిపాటి. నిజానికి ఇది ఉదరకుహరాన్ని తెరచి చేసే పెద్ద శస్త్రచికిత్స.

ప్రయోజనాలు

పిల్లలు కలగకపోవడంతో పాటు, వయసు మళ్ళిన ఆడకుక్కలలో గర్భాశయంలో చీము చేరే ప్రాణాంతక వ్యాధి, అనగా పయోమెట్రా, నివారింపబడుతుంది. మొదటి ఎదకు ముందే చేస్తే రొమ్ము కంతులు బాగా తగ్గుతాయని 1969లో అమెరికాలో ఒక పరిశోధన వెలువడింది. అయితే దీనికి ఆధారాలు బలహీనమని 2012 నాటి ఒక సమీక్ష అభిప్రాయపడింది. భారతదేశంలో వీధికుక్కల సంతాన నియంత్రణకు 2001లో నియమాలు ఏర్పడ్డాయి. వాటి స్థానంలో 2023లో కొత్త నియమాలు వచ్చాయి.

మత్తు

శస్త్రచికిత్సకు ముందు కొన్ని గంటలు ఆహారం ఇవ్వరు. కడుపు నిండి ఉంటే వాంతి ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదముంది. జైలజీన్, కీటమిన్ కలిపి వాడే పద్ధతి చవకైనది, యంత్రాలు అవసరం లేనిది. జైలజీన్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, తరచుగా వాంతి కలిగిస్తుంది. కీటమిన్ మత్తులో కళ్ళు తెరుచుకునే ఉంటాయి కాబట్టి అవి ఎండిపోకుండా లేపనం రాయాలి. వసతి ఉన్నచోట ప్రొపొఫాల్‌తో మత్తు కలిగించి, శ్వాసనాళంలో గొట్టం అమర్చి, ఐసోఫ్లూరేన్‌తో కొనసాగిస్తారు.

2002-04 మధ్య బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో మత్తుకు సంబంధించిన మరణాలు కుక్కలలో సుమారు 0.17 శాతం. వాటిలో దాదాపు సగం ఆపరేషన్ ముగిసిన తరువాత సంభవించినవే. కనుక కుక్క తల ఎత్తి కూర్చునే వరకు శ్వాసను, నాడిని, చిగుళ్ళ రంగును, శరీర ఉష్ణోగ్రతను గమనిస్తూనే ఉండాలి.

శస్త్రచికిత్స విధానం

కుక్కను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు దిగువన మధ్యరేఖపై కోస్తారు. కష్టమైన ఘట్టం అండాశయాన్ని బయటకు తీయడం. దానిని చివరి పక్కటెముక వైపు బిగించి ఉంచే స్నాయువును వేలితో జాగ్రత్తగా సాగదీసి తెంపాలి. తొందరపడి లాగితే పక్కనున్న రక్తనాళాలు చిరుగుతాయి. కుడి అండాశయం ఎడమదానికంటే ముందుకు ఉంటుంది కాబట్టి అక్కడ శ్రమ ఎక్కువ. అండాశయ రక్తనాళాలకు పట్టకార్లు వేసి, వాటి ఒత్తిడికి నలిగిన గాడిలో కరిగే దారంతో ముడి బిగిస్తారు. అండాశయం కొవ్వు సంచిలో దాగి ఉంటుంది. దానిలో చిన్న ముక్క మిగిలినా కుక్క మళ్ళీ ఎదకు వస్తుంది. గర్భాశయ కాండాన్ని గర్భాశయ ముఖద్వారం దగ్గర కట్టి కోస్తారు. ఈ ముళ్ళలో మూత్రనాళం చిక్కుకోకుండా చూడాలి.

ముడి జారి రక్తం కారితే పొట్టలో గుడ్డిగా పట్టకారు వేయరాదు. కుడివైపు చిన్నప్రేగు మొదటి భాగాన్ని, ఎడమవైపు పెద్దప్రేగును పక్కకు ఎత్తితే, వాటి పొర తక్కిన ప్రేగులను తెరలా ఆపి మూత్రపిండం వెనుక తెగిన నాళం కనబడుతుంది.

తరువాతి సంరక్షణ

చిగుళ్ళు పాలిపోయి, నాడి బలహీనంగా, వేగంగా కొట్టుకుంటే లోపలి రక్తస్రావాన్ని అనుమానించి, వెంటనే తిరిగి తెరవడానికి సిద్ధపడాలి. నొప్పి తగ్గించే మందులు తప్పనిసరి. కుక్క గాయాన్ని నాకకుండా మెడకు పట్టీ కడతారు. చర్మపు కుట్లను 10 నుండి 14 రోజులకు తీస్తారు.