సాయుధ ఉపాధ్యాయుడికి ఎంత శిక్షణ? ఒహాయో చట్టంపై ఒక పరిశీలన

అమెరికాలో బడిలోకి తుపాకీ ఎవరు తేవచ్చన్నది చాలావరకు రాష్ట్రాల చేతిలో ఉంది. బడి పరిసరాల్లో తుపాకీని నిషేధిస్తూ 1990లో వచ్చిన ఫెడరల్ చట్టాన్ని 1995లో లోపెజ్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. మరుసటి ఏడు కాంగ్రెస్ దాన్ని సవరించి మళ్లీ తెచ్చింది. రాష్ట్రం లైసెన్సు ఇచ్చినవారికి, బడి ఆమోదించిన కార్యక్రమం కింద ఆయుధం పట్టినవారికి అందులో మినహాయింపు ఉంది. 2012లో శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు హతమయ్యాక రాష్ట్రాలు ఒక్కొక్కటే ఈ మినహాయింపును వాడుకోసాగాయి. శిక్షణ విషయంలో మాత్రం తలో దారి: టెక్సస్ స్కూల్ మార్షల్‌కు 80 గంటలు, ఫ్లోరిడా గార్డియన్‌కు 144, టెనెసీలో 2024 చట్టం ప్రకారం 40. ఈ అంకె మీద కోర్టు, శాసనసభ బాహాటంగా తలపడిన రాష్ట్రం ఒహాయో. అందుకే ఇక్కడ దాన్నే తీసుకుంటున్నాను.

2016 ఫిబ్రవరిలో బట్లర్ కౌంటీలోని మ్యాడిసన్ బడిలో ఒక విద్యార్థి కాల్పులు జరపగా నలుగురు పిల్లలు గాయపడ్డారు. రెండేళ్లకు అక్కడి స్కూల్ బోర్డు సిబ్బందిలో కొందరు ఆయుధం ధరించవచ్చని తీర్మానించింది. 24 గంటల శిక్షణ చాలంది. కొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. వివాదమంతా పాత చట్టంలోని ఒక్క వాక్యం చుట్టూ తిరిగింది. ప్రత్యేక పోలీసుగా, సెక్యూరిటీ గార్డుగా, లేదా విధుల్లో ఆయుధం ధరించే మరే ఉద్యోగంలోనైనా బడి నియమించుకునే వ్యక్తికి పోలీసు ప్రాథమిక శిక్షణో, పోలీసుగా 20 ఏళ్ల అనుభవమో ఉండాలన్నది ఆ వాక్యం. అది కాపలా ఉద్యోగాలకే వర్తిస్తుందని బోర్డు వాదించింది. ఆయుధం ధరించి పాఠం చెప్పే టీచరుకూ వర్తిస్తుందని 2021 జూన్‌లో ఒహాయో సుప్రీంకోర్టు 4–3 తేడాతో తేల్చింది. పోలీసు ప్రాథమిక శిక్షణంటే 700 గంటలు పైమాటే.

ఏడాది తిరగకముందే శాసనసభ ఆ తీర్పును పక్కకు నెట్టింది. 2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డేలో ఒక బడిలో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. సరిగ్గా 20 రోజులకు గవర్నర్ మైక్ డివైన్ హౌస్ బిల్ 99పై సంతకం చేశారు. బిల్లు మాత్రం అంతకు చాలాముందే సభలోకి వచ్చింది. యువాల్డే దాని పుట్టుకకు కారణం కాదు, నడకకు ఊపు మాత్రమే.

బిల్లులోని మాటలు జాగ్రత్తగా చదవాలి. తొలి శిక్షణ 24 గంటలకు, ఏటా ఇచ్చే పునశ్చరణ 8 గంటలకు మించరాదని అందులో ఉంది. సాధారణంగా శిక్షణను నిర్దేశించే చట్టం ఇంతకు తగ్గరాదంటుంది. ఇది ఇంతకు మించరాదంటోంది. బోర్డు తనంతట తాను ఎక్కువ కోరుకోవచ్చు గానీ, రాష్ట్రం కోరడానికి లేదు. ఈ కాస్త సమయంలోనే తుపాకీ గురి, గాయాలకు ప్రథమ చికిత్స, గొడవను మాటలతో చల్లార్చడం, నిజమైన ఘటనను తలపించే సాధన ఇమడాలి.

బిల్లును సమర్థించినవారి వాదనలో పస లేకపోలేదు. 700 గంటల పోలీసు శిక్షణలో వాహనాల తనిఖీ, అరెస్టు పద్ధతుల వంటివి టీచరుకు అక్కరలేదు. షెరిఫ్ కార్యాలయం దూరంగా ఉన్న పల్లె బడికి సాయం అందేలోగా జరగాల్సింది జరిగిపోతుంది. ఇవి ఒప్పుకోదగినవే. కానీ వీటిని బట్టి అనవసరమైనవి తీసేసి, అవసరమైనవి పెంచి, బడికి తగిన పాఠ్యక్రమం తయారు కావాలి. శాసనసభ ఆ శ్రమ పడలేదు. కోర్టుకెక్కిన మ్యాడిసన్ బోర్డు తీర్మానంలోని అంకెనే గరిష్ఠ పరిమితిగా రాసేసింది. రాష్ట్రంలో ప్రధాన పోలీసు సంఘమే బిల్లును వ్యతిరేకించిందన్నది గుర్తుంచుకోవాలి.

శిక్షణ పొందినవారు సైతం తడబడతారు. యువాల్డేకు 376 మంది పోలీసులు, ఇతర భద్రతాధికారులు చేరినా హంతకుణ్ని ఎదుర్కోవడానికి 77 నిమిషాలు పట్టింది. 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్‌లో బడికి కాపలాగా ఉన్న సాయుధ డిప్యూటీ కాల్పులు జరుగుతున్న భవనం బయటే ఉండిపోయాడు. అదే ఏడు కాలిఫోర్నియాలోని సీసైడ్‌లో రిజర్వ్ పోలీసుగా కూడా పనిచేసే ఒక టీచరు, తుపాకీ భద్రత గురించి చెబుతూ తరగతిలోనే పొరపాటున పేల్చాడు. గంటలు పెంచితే ఇవన్నీ ఆగుతాయని కాదు. ఇంతటి అనుభవం ఉన్నచోటే ఇలా జరిగితే, 24 గంటల పరిమితికి ఏ ఆధారమూ కనబడదు. రాండ్ సంస్థ సర్వేలో 54 శాతం టీచర్లు తమ చేతికి తుపాకీ వస్తే బడికి భద్రత తగ్గుతుందన్నారు. పెరుగుతుందన్నవారు 20 శాతం.

ఒక్క విషయంలో ఒహాయో మెరుగు. సిబ్బందికి ఆయుధాలు అనుమతించిన బోర్డు ఆ సంగతి ప్రజలకు తెలపాలి. టెనెసీలో సాయుధ సిబ్బంది ఎవరన్నది తల్లిదండ్రులకూ రహస్యమే. ఒహాయోలోని కొలంబస్ శివార్లలో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు కుటుంబాలు ఈ హక్కును వాడుకోవాలి. బోర్డు సమావేశానికి వెళ్లి, సిబ్బందికి ఆయుధాలు అనుమతించారా, అనుమతిస్తే ఎన్ని గంటల శిక్షణ అడుగుతున్నారు అని ప్రశ్నించాలి. ఎక్కువ గంటలు పెట్టుకోవడానికి బోర్డుకు చట్టం అడ్డు రాదు.